రసీదు

మడ్డు పెంటయ్య, ఓడ కొలిమిలో బొగ్గు ఎగదోసేవాడు,
రంగం నుంచి గోపాల్‌పూర్‌కి బియ్యం ఓడలో తిరిగొస్తున్నాడు.
ఆశ్వయుజం. మొదటి పెద్ద యుద్ధం వచ్చిన ఏడు.
తెల్లారి పైకొస్తే పక్కనే బూడిదరంగు ఓడ,
ఇటు తిరిగి ఉన్న ఫిరంగి మూతి.

ఇరవై నిమిషాల్లో పడవల్లోకి దిగమన్నాడు జర్మనీ కెప్టెన్.
గొంతు పెంచలేదట.
"కేకేసీవోడు కాడ్రా. బడి పంతుల్లాగ గడియారం సూసుకునీవోడు"
ముసలితనంలో మా ముత్తాత ఇదొక్కటే వందసార్లు చెప్పాడు.

అందరూ దిగారు. ఇతను దిగలేదు.
"నా పెట్టి" అన్నాడు.
పెట్టె కింది అరలో, మందు అమర్చిన చోట ఉంది.
లోపల ఏమున్నాయో తెలుగులో చెప్తే
మలబారు వంటవాడు ఇంగ్లీషు చేశాడు,
ఒక కుర్ర నావికుడు దాన్ని జర్మన్ చేశాడు,
కెప్టెన్ మోకాలి మీద పుస్తకం ఆనించి రాశాడు:
చీర ఒకటి, ఎర్రంచుది. లక్క తమలపాకుల డబ్బా.
రూపాయలు పదకొండు. చెప్పులు ఒక జత, తొడగనివి.
బాకీ, చక్రవర్తిగారి నౌకాదళం.
సంతకం చేసి, ఊది, తడారాక చింపి ఇచ్చాడు.

ఓడ మునిగింది.
కాసేపు సముద్రం కుడితిలా తెల్లబడింది.

ఆ కాగితం పట్టుకుని రేవు ఆఫీసుకి వెళ్ళాడు, నవ్వారు.
ఛత్రపురం కచేరీకి వెళ్ళాడు, కూర్చోమన్నారు, పొద్దు వాలింది.
బరంపురం ప్లీడరు "యుద్ధం అయ్యాక రా" అన్నాడు.
అయ్యాక వెళ్తే "ఏ యుద్ధం?" అన్నాడు.
ఈలోగా మా ఊరే మద్రాసు నుంచి ఒడిశాకి మారింది,
కాగితం మారలేదు.

కోరాపుట్ కొండల నుంచి గాలి మార్పుకి వచ్చిన పాదిరి ఒకడు
రసీదు చదివి, టోపీ తీసి, ఇసకలో కూర్చున్నాడు.
తన దేశానికి ఉత్తరం రాశాడు.
ఏడాదికి జవాబు.

పోటుకి మునిగి ఆటుకి తేలే పల్లపు నేల ఆ కెప్టెన్‌ది.
తండ్రి మలుగులు పట్టేవాడు.
పదిహేనో ఏట ఓడెక్కాడు.
ఇరవై ఏళ్ళు తూర్పు రేవుల్లో లోతులు కొలిచి పటాలు గీశాడు,
యుద్ధం వచ్చి ఆ లోతుల్లోకే ఓడల్ని దించమంది.
తొమ్మిది దించాడు. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు,
ఆ సంగతి పతకం మీద రాయలేదు.
పదోది తనదే. బొగ్గు అయిపోయి
ఏదో మడ అడవి ఏటి మూతిలో దాక్కుని
తన చేత్తోనే దానికి నిప్పు పెట్టాడు.
నాలుగేళ్ళు చెర. ఇంటికెళ్ళేసరికి
చక్రవర్తి లేడు, ఆయన నౌకాదళం లేదు.
ఊరి పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతికాడు.
పోయాక బల్ల సొరుగులో అప్పుల జాబితా దొరికింది,
ఏడో వరసలో 'చీర, ఎర్రంచు' అని ఉంది.
డబ్బు ఎవరికి పంపాలో తెలియక ఊరుకున్నాం, మన్నించండి
అని అతని చెల్లెలు.

పాదిరి చదివి చెప్తుంటే
మా ముత్తాత సముద్రంకేసి తిరిగిపోయాడు.
పోలమ్మ మాత్రం చేపలు తిరగేస్తూనే ఉంది.
"సంపనేదు, మంచోడే.
మరి నా సీర?"

తరవాత ఏ కార్తీకంలో అల ఇంటి గుమ్మం తాకినా
చీపురెత్తి కేకేసేది:
"ఒరే కెప్టినా! కట్టకుండానే పోనాదిరా!"
మా వీధి పిల్లలకి కెప్టెనంటే
సముద్రానికి ఇంకో పేరు.

ఫైలిన్ వచ్చిన రాత్రి మేం బడి మేడ మీద ఉన్నాం.
పొద్దున్న దిగితే గోడ లేదు, తెప్ప లేదు,
రసీదున్న రేకు పెట్టె లేదు.
నష్టాల లెక్కకి గుమస్తా వచ్చాడు,
మోకాలి మీద పుస్తకం ఆనించి ఒడియాలో రాసుకున్నాడు.
ఇల్లు, వలలు మూడు, పెట్టె ఒకటి.
పెట్టెలో ఏముంది అని అడిగాడు.
అమ్మ నావైపు చూసింది.

"చీర" అన్నాను.
ఎలాంటిది అని అడగలేదతను.
సంతకం చేసి, చింపి, కాగితం ఇచ్చాడు.
అమ్మ నాలుగు మడతలు పెట్టింది,
పెట్టుకోడానికి చోటు కోసం
ఇల్లున్న చోటంతా చూసింది.