నూనె గుడ్డ

రస్ అల్ ఖైమా, షూటింగ్ క్లబ్బు వెనకగది.
నా పని తుడుసుడే.

ముసలి ఖల్ఫాన్‌ది నిండు ఉక్కు.
"బరువు లేనిది ఆయుధమా, ఆటబొమ్మ" అంటడు.
మొన్న ఎండల, కారుల మరిచిండు.
పట్టుకుంటే అరచెయ్యి సుర్రుమన్నది.
అయినా ఇడువలే, చెయ్యి మార్చుకున్నడు.

కొడుకు రాషిద్‌ది ప్లాస్టిక్ ఒళ్లు.
ఉప్పుగాలికి తుప్పు లేదు, చెమటకు జారదు,
రోజంతా నడుముకున్నా యాదికి రాదట.
యాదికి రానిదాన్ని
నడుముకు కట్టుకునుడేందో!

కమ్మరోళ్ల పిల్లగాణ్ని,
నా చెయ్యి అడగకుండనే ఉక్కు దిక్కు పోతది.
కానీ శుక్రవారం
నలభై తుడిసినంక మణికట్టు గుంజుతుంటె
రాషిద్ మాటే నిజమనిపిస్తది.

రెండిట్ల ఒక్కటన్న పేల్చి ఎరుగ.
రాత్రి అన్నం కలుపుతుంటె
వేళ్లకు అదే నూనె వాసన.
మూడు సబ్బులు మార్చిన,
పోతలేదు.