జానెడు, బెత్తెడు

లియెపాయాలో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
కిటికీ అవతల ట్రామ్ మూలుగుతూ మలుపు తిరిగింది.
ఇవతల నేనూ, చల్లారిన టీ,
తెర నిండా విస్వాల్డిస్ చేతులూ.

వల బాగుచేస్తున్న చేతులు, అంతే. ముఖం లేదు.
ముఖం వద్దన్నాడు,
ఒప్పుకోలు కాగితం మీద సంతకానికి ముందే.
ఎనిమిది వేల చుక్కల వెడల్పు,
ఐదు వేల మూడొందల ఎత్తు.

నాలుగు ఏజెన్సీలు, నాలుగు తూకాలు.
మొదటిది గంపగుత్త బేరం:
నెలకింతని కట్టినవాడు ఏ బొమ్మైనా ఎత్తుకుపోవచ్చు.
గోడంత పంపినా, గోరంత పంపినా
నా వాటా ముప్పై ఎనిమిది సెంట్లు.
రెండోది కొలతను బట్టి ధర కడుతుంది,
చిన్నది, నడిమిది, పెద్దది,
బట్టల కొట్లో చొక్కాల్లాగా.
మూడోది నాలుగు మెగాపిక్సెళ్లకు తగ్గితే గుమ్మం తొక్కనివ్వదు.
నాలుగోది రెండేళ్లకొకటి అమ్ముతుంది.
అమ్మిన నెల మాత్రం
ఇంటి అద్దె దానంతటదే గడుస్తుంది.

"అందరికీ పెద్దదే పంపు,
కొనేవాడు ఏ తలుపు తడతాడో నీకేం తెలుసు?"
అంటాడు ఐవార్స్, పెళ్లిళ్లు తీసేవాడు.
నిజమే.
కానీ అక్కడ చవగ్గా నిలువెత్తు దొరుకుతుంటే
ఇక్కడ అద్దె డబ్బు ఎవడిస్తాడు?

అందుకని కుదిస్తాను.
నాలుగు వేలకి దారప్పోగులు ఒకదాన్నొకటి మింగేస్తాయి.
రెండున్నర వేలకి గోళ్ల కింది తారు మాయం.
చేతులు కాస్త వయసు తగ్గుతాయి కూడా.
చిన్నవి ఆ మూడింటికి,
ఉన్నదున్నట్టు నాలుగోదానికి.
లెక్క తెగింది. నిద్రపోయాను.

మార్చిలో
ట్రామ్ స్టాపు దగ్గర, మందుల షాపు గోడ మీద
కీళ్లనొప్పుల లేపనం పక్కన
ఆ చేతులే.
ముప్పై ఎనిమిది సెంట్ల బొమ్మని
మూడంతస్తులకి సాగదీశారు.
వేళ్లు గళ్లు గళ్లుగా విడిపోయాయి.

కింద విస్వాల్డిస్, టోపీ వెనక్కి నెట్టుకుని.
"ఇవి నా చేతులా, చేప పొలుసులా?"
ఎంతిచ్చారో అడిగాడు. చెప్పాను.
నవ్వాడు, దగ్గొచ్చేదాకా.
"పొగపెట్టిన చేప తోక కూడా రాదమ్మాయ్!"

సిగ్గేసింది.
గదికి తీసుకొచ్చి అసలుది తెరిచాను,
దగ్గరికి, ఇంకా దగ్గరికి.
నైలాన్ పోగు, తారు, పాత ఉప్పు కోత,
ఆ పక్కనే, నేనింతవరకూ చూడనిది,
ఎడమ చిటికెన వేలికి పై కణుపు లేదు.
చిన్న బొమ్మలో దాన్ని ఒక ముడి నీడ కప్పేసింది.
ఎనిమిది వేలలో
ఆ ఒక్క వేలు.

అతను తెర మీద చెయ్యి పరిచాడు,
బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా.
"నా జాన అందరి జాన కాదు.
ఈ కణుపు వించ్ తినేసింది, డెబ్బై తొమ్మిదిలో.
అప్పట్నుంచీ వల కన్నాలు
కుడిచేత్తోనే కొలుస్తున్నా."

టీ పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు.
"తీసెయ్యనా అన్నిచోట్ల నుంచీ?"

"చిన్నది ఉండనీ.
లేపనం కొనేవాడికి అది చాలు.
ఈ పెద్దదాని మాటేంటి, ఎంతొస్తుందన్నావ్?"
"నెల అద్దె. ఎప్పుడైనా."
గోడవైపు చూశాడు, పైకప్పువైపు చూశాడు,
బెరడు తీసినట్టు మెల్లగా అన్నాడు:
"అంతయితే
వేలు చూపించొచ్చు.
సగం నాది."

సరేనన్నాను.
ఫైలు పేరు మార్చాను.
జూన్ వచ్చింది, రాత్రి పదకొండుకీ వెలుతురే.
ఇంకా ఎవరూ కొనలేదు.
శుక్రవారం శుక్రవారం అతను మెట్లెక్కి వస్తాడు,
అమ్ముడైందా అని అడగడు,
తెర మీద చెయ్యి పరిచి
ఒకసారి కొలుచుకుని వెళతాడు.