చల్లగా కనిపించే గాజు

మొదటిరోజు ఒతీలియా నాకు బొగ్గు చూపించలేదు,
తన చేతులు చూపించింది.
కుడి చూపుడువేలి మీద
పాత దారప్పోగులా ఒక తెల్లని గీత.
"బలం పెట్టాను. పెట్టకూడదు.
రబ్బరు గొట్టంలోకి గాజు దూరాలంటే
తడిపి, గుడ్డ చుట్టి, బతిమాలాలి.
అత్త మీద కోపం దుత్త మీద చూపేవాళ్ళు
ఈ గదిలో ఎక్కువకాలం పది వేళ్ళతో ఉండరు."

రిబ్నిక్‌లో అది ఫిబ్రవరి.
కిటికీ గట్టు మీద మంచు కూడా బూడిదరంగే.
గని నుంచి వచ్చిన బొగ్గుపొడి, చిటికెడు,
పింగాణి పడవెక్కి
పదకొండు వందల డిగ్రీల సందులోకి పోతుంది.
తిరిగొచ్చేది కాస్త ఎర్రటి బూడిద,
తెర మీద ఒక అంకె:
గంధకం ఇంత.
ఆ అంకె కోసం పైన లారీలు ఇంజన్లు ఆపి నిలబడతాయి.

ఆ సందు ఒక క్వార్ట్జ్ గొట్టం. నా చేయంత పొడవు.
బయటికి తీశాక చూస్తే
వేడి గొట్టమూ చల్లారిన గొట్టమూ
కవలపిల్లలు.
నివురుగప్పిన నిప్పు నయం, నివురైనా కనిపిస్తుంది.
గాజు అదీ కప్పుకోదు.
"కంటిని నమ్మకు," అనేది ఒతీలియా.
"గడియారాన్ని నమ్ము.
తర్వాత అరచేతి వెనకభాగం, అదీ జానెడు దూరం నుంచి."

పొద్దున్నే తేమ పీల్చే గొట్టాల పని.
రాత్రంతా ఆవిరి తాగి గడ్డకట్టిన తెల్లటి పలుకుల్ని
మెల్లగా తట్టి దులపాలి, కొత్తవి పోయాలి,
రెండు కొసలా గాజుదూది, మరీ కూరకుండా.
రబ్బరు వలయానికి మైనం
ఉందా లేదా అన్నంత.
పగుళ్ళ కోసం వెలుతురుకి ఎత్తి చూడాలి,
నక్షత్రంలాంటిది ఒక్కటి కనిపించినా
దాన్ని ముద్దు చేయకుండా
గాజుముక్కల డబ్బాలో పడేయాలి.

ఇక తొడుగులు.
తొడుగుల దగ్గర ఆమెకి దయ లేదు.
"నీ వేలికి ఉప్పుంటుంది. రొట్టె మీది వెన్న ఉంటుంది.
కొలిమి ఏదీ మర్చిపోదు.
నువ్వు ముట్టిన చోటే గాజు తెల్లబడుతుంది,
అక్కడే ఒకరోజు విరుగుతుంది."
స్పిరిట్ గుడ్డతో తుడిచిన గొట్టాన్నే
నాచేత మళ్ళీ తుడిపించేది.

ఒకసారి విడి గొట్టం కోసం వెతుకుతుంటే
పై అరలో, తువ్వాలు మడతల్లో,
పాతది ఒకటి దొరికింది.
మధ్యలో పాలపొరలాంటి మచ్చ.
కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను.
బొటనవేలు.
సుడులతో సహా.

"ఆలోయిజ్‌ది," అంది, లెక్కల పుస్తకం లోంచి తలెత్తకుండా.
"నీ కుర్చీ అతనిదే.
ఎన్నిసార్లు చెప్పినా తొడుగు వేసుకునేవాడు కాదు.
ఆ గొట్టం బిగించింది సోమవారం.
మంగళవారం గాలి నమూనా కోసం కిందికి దిగాడు,
ఆరువందల మీటర్ల సొరంగంలోకి. ఎవరికో బదులు."

కొలిమి ఒక్కటే ఆ గదిలో చిన్నగా గురక పెడుతోంది.

"అప్పుడేం కనబళ్ళేదు గాజు మీద.
పదకొండు రోజులయ్యాక తేలింది.
అతని ఇంటికి మేం వెళ్ళొచ్చాక."
పేజీ తిప్పింది.
"ఎంత ఖరీదో తెలుసా ఒక్కో గొట్టం?"

నేనేమీ అనలేదు.
దాన్ని మళ్ళీ తువ్వాల్లో చుట్టేటప్పుడు చూసుకున్నాను,
నా చేతులకి తొడుగులున్నాయి.

ఒతీలియా ఉద్యోగం ముగిసి రెండేళ్ళు.
కొత్తగా వచ్చిన కుర్రాడు మొన్న
"చల్లారింది కదా?" అని చేయి చాచాడు.
మణికట్టు పట్టుకుని ఆపాను,
కాస్త గట్టిగానే.

సంవత్సరాంతం సరుకు లెక్క నేనే రాశాను:
క్వార్ట్జ్ గొట్టాలు, నాలుగు.
వాడదగినవి, మూడు.
కారణం అనే గడిలో
ఏమీ నింపలేదు.