మూడో శనివారం

గది తాళంచెవి నా కొంగు ముడిలుంటది.
అదాలత్ కాడ మూడో అంతస్తు, కొసకున్న గది.
తలుపు మీద ఎవరో రెండు చిలుకలు గీసిన్రు,
ఒకదాని ముక్కు పెచ్చులూడింది.
లోపట తొండం లేని ఏనుగు,
మూడే చక్రాలున్న లారీ,
గోడకు గడియారం.
నేను ఫ్యామిలీ కోర్టుల అటెండర్ను.
విడిపోయినోళ్ల పిల్లలకు
సర్కారు కొలిచిచ్చిన రెండు గంటలకు కావలి.

ఓదేలు మొదటిపారి అచ్చిననాడు
గడప అవుతలనే నిలబడ్డడు.
"రా లోపటికి" అంటే చెప్పులు విప్పిండు,
చేతులు రెండు ఎనుకకు కట్టుకున్నడు.
పేరడిగితే ముందు నంబరు చెప్పి
నాలిక కరుసుకున్నడు.
గెట్టు పంచాయితిల పార ఎత్తిండట,
పాలోడు మల్ల లేవలే.
ఏడేండ్లు.

ఒక జేబుల జడ్జమ్మ ఆర్డరు:
"మొదటి, మూడవ శనివారములు,
ఉదయం పది నుండి పన్నెండు వరకు."
ఇంకో జేబుల జైలు శాఖ కాయితం, అదీ మంచిదే:
"సత్ప్రవర్తనతో విడుదలైన వారికి పునరావాసం,
పెట్రోలు బంకులో ఉపాధి.
శనివారం సెలవు ఇవ్వబడదు."
రెండిటి మీద అవే సింహాలు.
ఎటు సింహం అటే సూస్తది,
ఒకదాని మొఖం ఒకటి ఎన్నడు సూడలే.

మొదటి శనివారానికి జీతం కోసిన్రు.
మూడోదానికి రాత్రి డ్యూటీ మీదికెల్లి
నిద్ర లేని కండ్లతోటి అచ్చిండు.
పిల్ల ముక్కు మూసుకున్నది, పెట్రోలు వాసనకు.
అప్పటికెల్లి నిమ్మచెక్కతోటి
చేతులు రుద్దుకోని అస్తాండు.

పిల్ల పేరు సహస్ర.
అమ్మమ్మ పరకాల బస్సుల తోలుకస్తది,
వరండల బెంచి మీద కూసుంటది, ఆయన దిక్కు సూడది.
తల్లి స్వరూప ఒక్కపారే అచ్చింది:
"బిడ్డను సూడొద్దని నేననలే,
నన్ను సూడొద్దన్న."
గంతే.

నాలుగు శనివారాలు పిల్ల ఏనుగుతోనే ముచ్చట పెట్టింది.
ఆయన ఏనుగు పక్కపొంటి కూసున్నడు,
ఇంకో బొమ్మ లెక్క.
ఐదోనాడు సంచిలకెల్లి నూలు ఉండలు తీసిండు.
మగ్గం ఏది?
కుర్చీ కాళ్లకే పడుగు కట్టిండు,
జైల్ల నేర్సిన దర్రీ పని.
పిల్ల జరిగింది. ఇంకింత జరిగింది.
"నాకిస్తవా?"
ఎర్రపోగు మీదికి, పచ్చపోగు కిందికి,
ఇద్దరి ఏళ్లు ఒక్కదాంట్ల ఒకటి చిక్కుపడ్డయి.

"ఇది యాడ నేర్సినవ్?"
ఆయన నన్ను సూసిండు. నేను కిటికీని సూసిన.
"అగో, ఆడ."
పాత జైలు కూలగొట్టిన జాగల
దవాఖాన లేసింది, మబ్బుకు తగిలేటంత.
ఆ గోడ లేదు, ఆ మగ్గాలు లేవు,
ఎండకు మెరిసే అద్దాలే.
"దవాఖానలనా? ఇన్నేండ్లు
నీకు పానం బాగలేకుండెనా?"
ఫ్యాను మా మీద నాలుగైదు సుట్లు తిరిగింది.
"అవు బిడ్డా. బాగలేకుండె."
"ఇప్పుడు తక్కువైందా?"
"అయితాంది."

రిజిస్టర్ల ఆఖరి గడి "అభిప్రాయం".
ఎప్పుడైనా "సంతృప్తికరం" అని రాస్త, చేతికి అలవాటు.
ఆనాడు కలం కదలలే.
నేనిన్నది అబద్ధమా, నిజమా?
సచ్చిపోయిన పాలోనికి గూడ ఒక బిడ్డున్నదట.
ఆ పిల్లకు గది లేదు, తాళంచెవి లేదు,
ఏ శనివారమూ లేదు.
ఇదంత రాయాలంటే గడి చిన్నగుంది.

గడియారం సంగతి గూడ చెప్పాలె.
పదకొండు నిమిషాలు ఎనుకకు నడుస్తది.
కొత్త సెల్లు నా సొరుగులనే ఉన్నది, మూడు నెలలాయె.
సారు అడిగినప్పుడల్లా యాదిమర్సిన అంట.
అమ్మమ్మ చేతిల ఫోనున్నది, ఆమెకు టైము తెల్సు.
పన్నెండు దాటినంక గూడ
బెంచి మీదికెల్లి లేవకుండ
బస్సు టికెట్టును మడతల మీద మడతలు
పెట్టుకుంట కూసుంటది.