మందకట్టు

రోమాకి ఉత్తరాన తారు ఆగిపోయి
ఎర్రదుమ్ము అందుకునే చోట
గ్లెనిస్ ట్రాంటర్ గేటు తీసి
ముందు బూట్లు కడుక్కోమంది.
ఎవరి బీడులోని కలుపు గింజో
నా అరికాలి కింద వస్తుందని ఆమె భయం.

నేను మట్టిని కొలిచే మనిషిని.
ఇనుప గొట్టం మీటరు లోతుకి దించి
పైకి లాగి, సంచిలో కట్టి,
ఎంత నలుపు చేరిందో ల్యాబు నుంచి కబురు పెడతాను.

"మా మామ క్లారీ హయాంలో తొమ్మిదొందలు.
ఇప్పుడు ఐదొందల అరవై" అంది,
ఒళ్లు తగ్గినవాళ్లు చెప్పుకున్నట్టు.
మంద ఎంతో మర్యాద అంత అనేవాడట ఆయన.
బ్యాంకుకీ ఆ లెక్క నచ్చింది.
వాగుకే నచ్చలేదు.
నాలుగేళ్ల కరువులో కొన్న మేత నెలకే అయిపోయింది,
దాని మీది వడ్డీ మాత్రం
ఏ వానా లేకుండా ఏపుగా పెరిగింది.

ఇప్పుడు ముప్పై ఒక్క మడులు.
నడుమ ఒంటి తీగ, అందులో సన్నటి కరెంటు.
మూడు రోజులకో మడి.
ఒకసారి మూతి పెట్టిన గడ్డి మీద
మళ్లీ మూతి పెట్టాలంటే తొంభై రోజులాగాలి.

మా రైతులు దీన్ని మందకట్టడం అంటారన్నాను.
"మండకట్" అంది రెండుసార్లు,
టోపీ వెనక్కి తోసి.
బూటు మొనతో పేడకడి చీల్చి చూపించింది:
లోపల నల్లటి పురుగులు,
జీతం అడగని పాలేర్లు,
పేడని ముక్కముక్కగా కిందికి మోస్తున్నాయి.

ఎరువు ఖర్చు సున్నా. మేత రెండు లారీలు.
కోడె ఒక్కింటికి నలభై కిలోలు ఎక్కువ.
చిట్టాలో ఎర్రసిరా ఆగిన పేజీ
మూల మడిచి ఉంచింది.

"మరి కార్బన్ డబ్బులు?"
ఒక్క మంచి వాన చూసి నేను సంతకం పెట్టలేను.
ఐదేళ్లు చూడాలి. ఆవు తేన్పుని కూడా
లెక్కలోంచి తీసెయ్యాలి.
మొహం ముడుచుకుంది. టీ మాత్రం పోసింది.

మంగళవారం సంతకి లారీ వచ్చింది.
నలభై రెండు కోడెలు చెక్క మెట్టెక్కుతుంటే
ఆమె లెక్కపెట్టింది,
నేను గొట్టం తుడుస్తూ నిలబడ్డాను.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.
తీగ ఎత్తగానే మిగతా మంద
ఎవరూ అదిలించకుండానే కొత్త మడిలోకి నడిచింది.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర నీళ్ల గొట్టం అందుకోబోయాను.
"అక్కర్లేదు" అంది.
ఈ మట్టి
ఎక్కడికి అంటుకుపోయినా ఫరవాలేదట.