తిప్పి చెక్కడం

షార్జాలో, పగడపురాళ్ళ గోడల పాత ఇంట్లో
రాత్రి డ్యూటీ నాది.
పలక మీద పేరు చదివి మొదటిరోజు నవ్వాను: గోయా.
మా పెడనలో అది గొయ్యికి దగ్గరి మాట.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.
రాగిరేకును యాసిడ్ తిన్నచోట గొయ్యి,
గొయ్యిలో సిరా, సిరా మీద తడికాగితం.
అలా పుట్టాయట ఇవన్నీ.
మా నాన్న టేకు అచ్చులో మిట్ట మాట్లాడేది,
గొయ్యి నోరు మూసుకునేది.
ఇక్కడ గొయ్యే మాట్లాడుతోంది.

మొదటి గదిలో మనుషుల వీపుల మీద గాడిదలు.
చూసి తిల్ బహదూర్ మా ఫోర్‌మన్ పేరు చెప్పాడు.
కెమెరాకి వీపు తిప్పి ఇద్దరం నవ్వుకున్నాం.
రెండో గదిలో ఎద్దు.
దాని చుట్టూ అంత తెల్లకాగితం వదలడానికి
చేతికి గుండె కావాలి.
నాన్నయితే అక్కడో లత పాకించేసేవాడు.
తర్వాతది యుద్ధం గది.
అక్కడ కుర్చీ ఉంది, నేను కూర్చోను.
చెట్టుకి కట్టిన మనిషిని గీసిన చేయే
కేటలాగులో రాణిగారి లేసు
పోగు పోగూ లెక్కపెట్టి వేసింది.
జీతం డబ్బులు అయ్యుంటాయి. తప్పేముంది.

కాగితం వెలుతురుకి ఓర్చదని లైట్లు గుడ్డిగా పెడతారు.
గాలిలో తేమ ఎంతో గంటకోసారి రాయాలి.
ఆగస్టులో సజ్జా క్యాంపుకి బస్సెక్కినప్పుడు
కాగితమై పుట్టినా బాగుండేదంటాడు తిల్ బహదూర్.
నేనేమీ అనను. నిద్రపోతాను.

చివరి గోడకి అసలు బొమ్మ లేదు, ఫోటో.
ముసలితనంలో, చెవుడొచ్చాక,
ఇంటి గోడ మీదే వేసుకున్నాడట.
అది ఊళ్ళు తిరగదు.
ఇసుకో నీళ్ళో, ఏదో ఒక వాలు,
దాని అంచున కుక్క తల ఒక్కటే.
పైన ఏమీ లేదు. చాలా ఏమీ లేదు.
మునుగుతోందో తేలుతోందో
నాలుగు వారాలపాటు
ఒక్కో రాత్రి ఒక్కోలా చెప్పుకున్నాను.

సెలవు శుక్రవారం
అరిగిన రబ్బరు చెప్పు అడుగున
బ్లేడుతో ఆ తలని చెక్కాను.
పదకొండేళ్ళుగా ఉలి పట్టని చేయి
చెవి దగ్గర వణికింది, ముక్కు దగ్గర కుదిరింది.
బూటు పాలిష్ పూసి
పాత డ్యూటీ చార్టు వెనక
అరచేత్తో ఒత్తి, లేపాను.

కుక్క అటువైపు చూస్తోంది.

తిప్పి చెక్కాలన్న సంగతే మరిచాను.
ఏడేళ్ళప్పుడు నాన్న మొదట నేర్పింది అదే,
కుడిది ఎడమ, ఎడమది కుడి,
తప్పితే సుత్తి పిడితో వేళ్ళ మీద ఒకటి.

వేళ్ళు చూసుకున్నాను.
తిల్ బహదూర్ కాగితం లాక్కుని
మంచం పక్క గోడకి అంటించాడు.
"బాగుంది, కిటికీలోంచి చూస్తున్నట్టుంది" అన్నాడు.
మా గదికి ఆ పక్క కిటికీ లేదు,
నీళ్ళు కారే ఏసీ ఉంది.
కుక్క తలెత్తి దాన్నే చూస్తోంది.