మిత్తి లెక్క

ఫెలోషిప్ రెండేళ్లు. అందులో ఆరు నెలలు
దేవరకొండ బస్టాండు వెనక అద్దెగదిలోనే గడిచినయి.
గోడకు మ్యాపు. ఎర్రచుక్క ఊళ్లకు బూట్లు, టార్చిలైట్లు.
నీలిచుక్క ఊళ్లకు ప్రశ్నలు మాత్రమే.

ఇక్కడ పాము కరిచిందనరు,
పురుగు ముట్టిందంటారు.
నా ఫారంలో పాము అనే ఉంది.
ముడితే ఆటోకు ఎంత, సూదిమందుకు ఎంత,
అంతకు ముందే మంత్రగాడికిచ్చిన కోడి ఎంత,
మంచాన పడ్డ నలభై దినాల కూలి ఎంత.
బూట్ల జత మూడొందల నలభై.
ఇదీ నేను చేసే పని,
డాక్టరేటు అయ్యాక కూడా మిగిలిపోయిన చదువు.

ఈదమ్మది నీలిచుక్క ఊరు.
కందికట్టె పొయ్యిలోకి నూకుతూ అడిగింది,
"గీ కాయితాలల్ల నా కాలు యాడున్నది బిడ్డా?"
పదిహేడో ప్రశ్న చూపించాను.
చేతనైన తెలుగులో చెప్పాను:
ఈ యేడు దక్కిన ప్రాణం వందైతే
వచ్చే యేడు దక్కేది తొంభై ఏడు,
ఆపైన తొంభై నాలుగు.
రేపటికి నూటికి మూడు తరుగు తీసి తూస్తాం.

"తరుగు మిల్లోడు తీస్తడు, పత్తికి," అంది.
"షావుకారు మిత్తి ఏస్తడు. నూటికి మూడే, గని నెలకు.
ఆయనకు రేపు పెరుగుతది, నీకు తరుగుతది.
నడుమల మాకు..."
పొయ్యి ఊదుకుంటూ ఆ మాట అక్కడే వదిలేసింది.

కల్వకుర్తిలో పుట్టినదాన్ని.
మిత్తి అంటే వడ్డీ అని తెలుసు,
చావు అనీ తెలుసు.
రెంటినీ ఎప్పుడూ ఒక్క వరసలో కూడలేదు.

ఎర్రచుక్క ఊళ్ల నుంచి ఊషయ్య
సోమవారం సోమవారం ఫోన్ చేస్తాడు:
"మేడం, ఏం గాలె."
ఆ ఏం గాకపోవడాన్నే నేను కొలవాలి.
బూటు రబ్బరు మీద రెండు సన్నటి గాట్లు,
లోపల చెమట పట్టిన ఎవరిదో మామూలు కాలు.
ఏ దవాఖాన రిజిస్టరూ దాన్ని రాసుకోదు.
నేను సున్నా వేస్తాను,
ఒక్కోసారి ఆ సున్నాను కాస్త గట్టిగా దిద్దుతాను.

ఈదమ్మ ఊరికి బూట్లు ఉగాది దాటినాక.
పద్ధతి అది. కమిటీ ఒప్పుకుంది,
కింద నా సంతకం కూడా ఉంది.
అప్పటిదాకా ఇంకా రెండుసార్లు పత్తి ఏరాలి,
చీకటితోనే, మంచు ఆరకముందే.

లేచి గడప దగ్గర నా బూట్లు తొడుక్కున్నాను.
ఆమె వచ్చి పక్కన తన ఉత్తకాలు ఆనించి
మడమకు మడమ, వేలికి వేలు చూసుకుంది.

"సరిపోతయి," అంది.